ఆ కుందేలు ఒరిజినలేనా? ఈ నెల బొమ్మల ప్రశ్నలు

పోయిన నెల ఇంగ్లండ్ పల్లెల్లో కుందేళ్లు, గుడ్లగూబలు, గొర్రెలు, ఆవులు ఇవే జీవితమంతా వేసుకుంటూ బతికే పెయింటర్ల గురించి ఒక పేజీ వేశాం కదా, దానికి ఇన్ని ప్రశ్నలు వస్తాయని నేనైతే అనుకోలేదు. పర్లాకిమిడి నుంచి జయపురం దాకా అందరూ రాశారు, కొందరు వాట్సాప్‌లో ఫోటోలు కూడా పెట్టారు. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి అందరివీ ఊర్లే వేస్తున్నా.

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మ: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. దసరాకి వస్తూ గడ్డిలో కూర్చున్న కుందేలు పెయింటింగ్ తెచ్చాడు. కింద పెన్సిల్‌తో 45/250 అని, పక్కన సంతకం ఉన్నాయి. ఒరిజినల్ అని వాడంటాడు, జెరాక్స్ అని మావారంటారు. ఎవరి మాట నిజం?

మీవారి వైపే మొగ్గుతున్నానండి, అబ్బాయికి మాత్రం మెల్లిగా చెప్పండి. 45/250 అంటే 250 కాపీలు తీశారు, అందులో మీది 45వది అని అర్థం. చేత్తో వేసిన పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, దానికి నంబరెందుకు వేస్తారు? అసలు పెయింటింగ్‌ని స్కాన్ చేసి మంచి కాగితం మీద మంచి ఇంకుతో తీసిన లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్ అయ్యుంటుంది మీది. సంతకం మాత్రం ఆర్టిస్టు చేత్తో పెట్టిందే కావచ్చు, ప్రింట్ల మీద పెన్సిల్‌తో సంతకం పెట్టడం అక్కడ ఆనవాయితీ.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చెక్క మీదో, నేల మీద పరిచే లినోలియం షీటు మీదో, రాగిరేకు మీదో ఆర్టిస్టే స్వయంగా చెక్కి, ఇంకు పూసి ఒక్కొక్కటీ ఒత్తి తీసే బొమ్మలుంటాయి, వాటికీ ఇలాగే నంబర్లు వేస్తారు, కానీ వాటిని ఒరిజినల్ కిందే లెక్కేస్తారు ఎందుకంటే అవి ఇంకో బొమ్మకి కాపీ కావు. థామస్ బ్యూయిక్ అని న్యూకాజిల్ వైపు ఒకాయన ఉండేవాడు, బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్కని అడ్డంగా కోసి ఆ కోసిన ముఖం మీద సన్నటి పనిముట్లతో బ్రిటన్ పిట్టలన్నీ చెక్కాడు, ఆ పుస్తకం మొదటి భాగం 1797లో వచ్చింది, అరచేతిలో పట్టేంత బొమ్మలో ఈకకి ఈక లెక్కపెట్టొచ్చు.

మీది ఏ రకమో ఇంట్లోనే తేలుతుంది. తెలిసిన కంసాలి దగ్గర లెన్స్ అడిగి తెచ్చుకుని కుందేలు చెవి చివర చూడండి, అక్కడ నలుపు ఉంటుంది, ఆ నలుపు గోధుమ రంగులోకి కలిసే చోట పెట్టి చూడండి. సన్నటి రంగు చుక్కలు చల్లినట్టు కనిపిస్తే మెషీన్ ప్రింటే, ఇంక ఆలోచించక్కర్లేదు. చేత్తో వేసిన వాటర్‌కలర్ అయితే రంగు కాగితం గుంటల్లోకి దిగి ఉంటుంది, నీళ్లు ఆరిన అంచు కాస్త ముదురుగా గీతలా ఉంటుంది, కింద పెన్సిల్ గీతలు కూడా ఒకట్రెండు తొంగిచూస్తాయి. ఆయిల్ అయితే గదిలో లైటార్పి టార్చి పక్కనుంచి కొట్టండి, బ్రష్ వెళ్లిన దారి గట్టులా లేస్తుంది. ఇక్కడే ఒక మోసం ఉంది, కేన్వాస్ మీద ప్రింట్ తీసి దానిపైన బ్రష్‌తో పారదర్శకంగా ఉండే జెల్ పూస్తారు, గట్లు కనిపిస్తాయి గానీ అవి బొమ్మతో సంబంధం లేకుండా ఎటో పోతుంటాయి, చెవి ఒకవైపు వంగితే గట్టు ఇంకోవైపు. అది చూస్తే చాలు.

ప్రింట్ అని తేలితే గోడ మీంచి దించెయ్యక్కర్లేదు, బొమ్మ బాగుంటే బాగున్నట్టే. ఒరిజినల్ ధర కట్టాడో లేదో మాత్రం బిల్లు చూసుకోమనండి.

బరంపురం నుంచి: నెట్‌లో పాత ఇంగ్లీషు బొమ్మలు చూస్తుంటే ఆవులు, పందులు పెట్టెల్లా ఉన్నాయేంటండీ, ఇంత ఒళ్లుకి అగ్గిపుల్లల్లాంటి కాళ్లు, ఈమాత్రం తల. వెయ్యడం రాకా, నిజంగా అలాగే ఉండేవా?

ఈ ప్రశ్నకి ఎంత రాసినా తనివి తీరదు నాకు. వెయ్యడం వచ్చు, డబ్బులిచ్చినవాళ్లు అలా వెయ్యమన్నారు.

1700ల చివర్లో అక్కడ పశువుల పెంపకం పెద్ద పోటీ అయిపోయింది. లెస్టర్‌షైర్‌లో డిష్లీ అనే చోట రాబర్ట్ బేక్‌వెల్ అని ఒక రైతు, మంచి లక్షణాలున్న దగ్గరి చుట్టరికం గొర్రెల్నే మళ్లీ మళ్లీ కలిపి తొందరగా కొవ్వు పట్టే కొత్త జాతి తీశాడు, పొట్టేళ్లని అమ్మకుండా సీజన్‌కి ఇంత అని అద్దెకిచ్చేవాడు. అప్పట్లో కొవ్వుకి విలువ ఎక్కువ, తినడానికీ అదే, కొవ్వొత్తులకీ అదే. దాంతో ఎవరి పశువు ఎంత బలిసిందో ఊరందరికీ చూపించుకోవాలి, ఫోటోలు లేవు కాబట్టి పెయింటర్‌ని పిలవాలి. మన దగ్గర మేకని అమ్మేటప్పుడు ఫోన్ నేల మీదకంటా దించి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారే, మేక ఏనుగంత కనిపిస్తుంది, అచ్చం అదే పని వాళ్లు బ్రష్‌తో చేయించారు.

వీటిల్లో పేరు మోసింది డర్హమ్ ఆక్స్. 1796లో డార్లింగ్టన్ దగ్గర కెటన్‌లో చార్లెస్ కోలింగ్ అనే రైతు ఇంట పుట్టిన ఎద్దు, బరువు టన్నుకి పైమాటే. దానికోసం ప్రత్యేకంగా బండి చేయించి ఇంగ్లండ్, స్కాట్లండ్ అంతా ఏళ్ల తరబడి తిప్పి, డబ్బులు తీసుకుని చూపించారు. 1802లో జాన్ బౌల్ట్‌బీ దాని బొమ్మ వేస్తే, ఆ బొమ్మ నుంచి తీసిన ప్రింట్లు ఆ ఒక్క ఏడాదే 2000 పైన అమ్ముడుపోయాయి, ఇవాళ్టికీ అక్కడ ఆ ఎద్దు పేరున్న పబ్బులున్నాయి. పాపం 1807లో ఆక్స్‌ఫర్డ్‌లో తుంటి ఎముక జారింది, ఇంక లేవలేకపోతే కోసేశారు.

పైన చెప్పిన బ్యూయిక్‌ని కూడా ఇలాగే గొర్రెల బొమ్మలు వెయ్యడానికి పిలిచారు. ఆయన కంటికి కనిపించింది కనిపించినట్టు వేశాడు. వాళ్లకి నచ్చలేదు, అక్కడింత ఇక్కడింత కొవ్వు ముద్ద పెట్టమన్నారు. లేని కొవ్వు నేను పెట్టనన్నాడు. ఈ సంగతి తన ఆత్మకథలో చాలా వెటకారంగా రాసుకున్నాడు. కాబట్టి అలాంటి బొమ్మ ఎక్కడైనా చూస్తే సగం పశువుదీ సగం యజమానిదీ అనుకోండి. నాకు మాత్రం ఆ పెట్టె ఆవులంటే ఇష్టమే, హాల్లో పెట్టుకుంటే వచ్చినోళ్లు నవ్వకుండా పోరు.

గుణుపురం నుంచి: క్రిస్మస్ కార్డుల మీద ఉండే ఎర్ర రొమ్ము పిట్ట మన దగ్గర ఎందుకు కనిపించదు?

అది యూరప్ రాబిన్ అండి, మన ఊళ్లలో పెరట్లో తోక పైకెత్తి తిరిగే నల్ల పిట్టని కూడా ఇంగ్లీషులో రాబిన్నే అంటారు గానీ అది వేరు. విక్టోరియా రాణి కాలంలో అక్కడి పోస్ట్‌మాన్లు ఎర్ర కోటు వేసుకునేవారు, జనం వాళ్లకి రాబిన్ అని ముద్దుపేరు పెట్టారు, అలా కార్డు తెచ్చేవాడి పేరున్న పిట్ట కార్డు మీదకే ఎక్కింది. ఇంకో మాట, ఇంగ్లండ్ పల్లె బొమ్మల్లో తప్పకుండా కనిపించే ఫెజెంట్ కోడి అసలు అక్కడిది కానే కాదు, ఆసియా నుంచి తీసుకెళ్లిందే.

రాయగడ నుంచి డిగ్రీ చదువుతున్న అమ్మాయి: నేను యూట్యూబ్ చూసి ఇంగ్లండ్ గొర్రెలు, నక్కలు, స్కాట్లండ్‌లో ఉండే పొడుగు బొచ్చు హైలాండ్ ఆవులు వేస్తున్నాను. లైకులు వస్తున్నాయి కానీ మా డ్రాయింగ్ సార్ వీటిలో ప్రాణం లేదంటున్నారు. ఏం చెయ్యాలి సార్?

నువ్వు పంపిన మూడు బొమ్మలూ చూశానమ్మా. రంగులు బాగా కలుపుతున్నావు, బొచ్చు కూడా ఓపిగ్గా వేశావు. మీ సార్ అన్నది నిజమే, కారణం గొర్రె కంట్లో ఉంది. నువ్వు గుండ్రటి నల్లగుడ్డు పెట్టావు, అది మనిషి కన్ను. గొర్రెకీ మేకకీ పగటి వెలుతురులో కంటిపాప అడ్డంగా, నిలువు తక్కువున్న పొడుగాటి గీతలా ఉంటుంది. నక్కకి నిలువుగా చీలినట్టుంటుంది. కుందేలుకి గుండ్రమే. ఇది ఒక్కటి మార్చి చూడు, ఆ గొర్రె వెంటనే గొర్రెలా చూడ్డం మొదలెడుతుంది. రెండోది, నీ ఆవు లేస్తున్నట్టు వేశావు కానీ ముందుకాళ్ల మీద లేపావు. ఆవు వెనక భాగం ముందు లేపుతుంది, అప్పటికి ముందు మోకాళ్లు నేల మీదే ఉంటాయి. ముందుకాళ్లు చాచి లేచేది గుర్రం. మీ వీధిలో పొద్దున్నే ఆవుల్ని చూస్తే పది నిమిషాల్లో తెలిసే సంగతి ఇది, యూట్యూబ్‌లో ఎవరూ చెప్పరు.

ఎవరిని చూడాలంటే ముందు జార్జ్ స్టబ్స్. 1750ల్లో లింకన్‌షైర్‌లో హార్క్‌స్టో అనే పల్లెలో ఇల్లు తీసుకుని, చచ్చిన గుర్రాల్ని కొక్కేలతో వేలాడదీసి నిలబెట్టి, తోలు, కండ, నరం, ఎముక ఒక్కో పొరా విప్పుకుంటూ ఏడాదిన్నర బొమ్మలు వేశాడు, ఆ కంపులో ఎలా ఉన్నాడో తల్చుకుంటేనే కడుపులో తిప్పుతుంది. చెక్కేవాళ్లెవరూ ముందుకు రాకపోతే ప్లేట్లు కూడా తనే చెక్కుకుని 1766లో పుస్తకం వేశాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఆయన వేసిన విజిల్‌జాకెట్ అనే గుర్రం ఉంది, దాదాపు 3 మీటర్ల ఎత్తు కేన్వాస్, వెనకాల చెట్టు లేదు ఆకాశం లేదు, ఖాళీ, అయినా గుర్రం మీద పడుతున్నట్టే ఉంటుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో జూమ్ చేసి చూడొచ్చు, రూపాయి ఖర్చు లేదు.

తర్వాత చార్లెస్ టన్నిక్లిఫ్. 1901లో చెషైర్‌లో పుట్టి పాడి పశువుల మధ్యే పెరిగినవాడు, తర్వాత వేల్స్‌లో ఆంగ్లెసీ దీవిలో స్థిరపడ్డాడు. చచ్చిన పిట్ట ఎక్కడ దొరికినా తెచ్చుకుని ముక్కు, రెక్క, కాలు స్కేలుతో కొలిచి అసలు సైజులో బొమ్మలు వేసి దాచుకునేవాడు, పెయింటింగ్ చేసేటప్పుడు అవి తీసి చూసుకునేవాడు. బ్రూక్‌బాండ్ టీ ప్యాకెట్లలో వచ్చే చిన్న కార్డులకి కూడా బొమ్మలు వేశాడు, మన తాతలు తాగిన టీ కంపెనీయే.

గుర్రం పరిగెత్తేది వేస్తానంటావేమో, పాత బొమ్మల్ని చూసి వెయ్యకు. నాలుగు కాళ్లూ ముందుకీ వెనక్కీ చాచి గాల్లో తేలుతున్నట్టు వేసేవారు, 1878లో మైబ్రిడ్జ్ అనే ఇంగ్లండ్ ఆయన అమెరికాలో వరస కెమెరాలు పెట్టి ఫోటోలు తీశాక తెలిసింది, గుర్రం గాల్లో ఉన్నప్పుడు కాళ్లు పొట్ట కిందకి ముడుచుకుని ఉంటాయని.

హైలాండ్ ఆవుని నువ్వు ఎప్పుడూ చూడలేదు కదా, దాన్ని పక్కన పెట్టు కొన్నాళ్లు. మీ వైపు గొల్లలు తోలుకొచ్చే గంజాం మేకలుంటాయి చూడు, పొడుగు కాళ్లవి. వారం సంతకి వెళ్లి పెన్సిలూ పుస్తకమూ పట్టుకుని కూర్చో, మేక కదిలిపోతే వదిలేసి పక్కన ఇంకోటి మొదలెట్టు, అది మళ్లీ అలా నిలబడ్డప్పుడు మొదటిదానికి రా. రబ్బరు తీసుకెళ్లకు. రంగుల కోసం తొందరపడొద్దు, కొన్నప్పుడు మాత్రం 300 జీఎస్ఎమ్ అని రాసున్న మందపాటి కాటన్ కాగితం కొను, పలచటిది నీళ్లకి అప్పడంలా లేచిపోతుంది.

జయపురం నుంచి: ఈ బ్రిటిష్ జంతువుల బొమ్మలకీ మన వైపుకీ ఏమైనా సంబంధం ఉందా, లేక ఊరికే వేస్తున్నారా?

కొంచెం పుల్లవిరుపుగా అడిగారు గానీ సంబంధం ఉందండి. ఇదే స్టబ్స్ 1764, 65 ప్రాంతంలో ఒక చీతాని వేశాడు, దాని పక్కన తెల్ల బట్టలు, తలపాగాలతో ఇద్దరు మనవాళ్లు. ఆ చీతాని మూడో జార్జ్ రాజుకి కానుకగా ఇచ్చింది జార్జ్ పిగట్, మద్రాసు గవర్నర్‌గా చేసి వెళ్లినాయన. విండ్సర్ దగ్గర దాన్ని దుప్పి మీదకి వదిలితే దుప్పే చీతాని తరిమి కొట్టింది. బొమ్మలో మాత్రం స్టబ్స్ ఆ పరువు తక్కువ సంగతి వెయ్యలేదు, చీతా కళ్ల మీంచి ఎర్ర గంత తీసిన క్షణం వేశాడు, ఒకతను దాన్ని పట్టుకున్నాడు, ఇంకొకతను దుప్పి వైపు చెయ్యి చూపిస్తున్నాడు. ఇప్పుడు మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. అప్పటికి మన గంజాం ఉన్న ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ల చేతికి రాలేదు, 1766లో నిజాంతో ఒప్పందం అయ్యాకే వచ్చాయి, ఆ తర్వాత 1936లో ఒడిషా ఏర్పడేదాకా గంజాం మద్రాసు కిందే కదా.

దీనికి తిరుగు ప్రయాణం కూడా ఉంది. 1770ల చివర్లో కలకత్తాలో మేరీ ఇంపే అనే జడ్జిగారి భార్య తన తోటలో పెంచిన పిట్టల్ని, జంతువుల్ని షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్ అనే మన పెయింటర్ల చేత వేయించింది. కాగితం ఇంగ్లండ్ నుంచి వచ్చిన వాట్‌మన్ అనే కంపెనీది, చెయ్యి ఇక్కడిది. నన్నడిగితే ఆ గబ్బిలం, ఆ పిట్టల ముందు అప్పటి ఇంగ్లండ్ బొమ్మలు చాలావరకు తేలిపోతాయి.

గోపాలపూర్ నుంచి: ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న వాటర్‌కలర్ మీద వర్షాకాలం తర్వాత గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. తడిగుడ్డతో తుడవొచ్చా?

అయ్యో వద్దండి, మచ్చతో పాటు రంగూ వచ్చేస్తుంది. బ్రెడ్డు, ఉల్లిపాయ చిట్కాలు కూడా నమ్మకండి. అది బూజు వల్ల వచ్చిన మచ్చ కావచ్చు, సముద్రం పక్క ఇంట్లో ఇది మామూలే. ముందు ఫ్రేమ్ విప్పి బొమ్మని గాలి ఆడే నీడలో ఉంచండి, ఎండలో పెడితే తేమ పోతుంది గానీ రంగు కూడా పోతుంది, ముఖ్యంగా గులాబీ, ఎరుపు. పడ్డ మచ్చ తియ్యడం కన్జర్వేటర్ పని, అంటే పాత బొమ్మలు బాగుచేసే నిపుణుడిది. మీరు చెయ్యగలిగింది మళ్లీ ఫ్రేమ్ కట్టించేటప్పుడు. గాజు బొమ్మని తాకకూడదు, మధ్యలో మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట ఉండాలి, ఆ బోర్డు యాసిడ్ లేనిది అడగండి, షాపువాడు ఏదైనా ఒకటే అంటాడు, ఒకటే కాదు. వెనకాల ప్లైవుడ్ నేరుగా ఆనించనివ్వకండి. సెల్లోటేపు అసలొద్దు. ఫ్రేమ్ వెనక కింది మూలల్లో చిన్న కార్క్ ముక్కలు అంటిస్తే గోడకీ దానికీ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే బయటి గోడకి మాత్రం తగిలించకండి.

పర్లాకిమిడి నుంచే ఇంకొకరు: మాది కొమ్ముపని చేసే కుటుంబం. నాన్న కొంగలు, చేపలు చేస్తారు. ఇంగ్లండ్‌లో ఒకావిడ తన దగ్గరున్న పెయింటింగ్ ఫోటోలు పంపి, అందులో ఉన్న గుడ్లగూబ, కుందేలు కొమ్ముతో చేసిపెట్టమంటున్నారు. చూడని జంతువులు ఎలా చేస్తాం?

గుడ్లగూబ మీరు చూసిందే బాబూ. ఆ ఫోటోలో ఉన్నది బార్న్ ఔల్, గుండె ఆకారం ముఖం, నల్లటి కళ్లు, పొడుగాటి కాళ్లు. మీ ఊళ్లోనే పాత ఇళ్ల అటకల మీద, గుడి గోపురాల్లో ఉండే తెల్ల గుడ్లగూబకి అది దగ్గరి చుట్టమే, రంగులో కొద్ది తేడా అంతే. సాయంత్రం దీపాల వేళ బయటికొస్తుంది, నాన్నగారిని తీసుకెళ్లి చూపించు. ముఖానికి లేత రంగు కొమ్ము, కళ్లకి నల్లది పెడితే రంగు వెయ్యకుండానే సరిపోతుంది.

కుందేలే కష్టం. వాళ్లది మన అడవి కుందేలు కంటే పెద్దది, చెవులు తలకంటే పొడుగు, చివర నలుపు, తోక పైభాగం నలుపు, మన దానికున్నట్టు మెడ వెనక నల్ల మచ్చ ఉండదు. వెనక కాళ్లు చాలా పొడుగు కాబట్టి కూర్చున్నప్పుడు నడుము విల్లులా లేస్తుంది, అక్కడ కొంచెం చదునైతే పెంపుడు కుందేలైపోతుంది, ఆవిడ వెంటనే పట్టేస్తారు. రెండు కుందేళ్లు నిలబడి కొట్టుకుంటున్న ఫోటో కూడా పంపారన్నావు, అది మగవాటి పోట్లాట అనుకుంటారు అందరూ, చాలాసార్లు అది వెంటపడే మగదాన్ని ఆడది కొట్టి తరమడం. కాబట్టి ఒకటి మీదకొస్తున్నట్టు, ఒకటి వెనక్కి తగ్గుతున్నట్టు పెట్టండి, రెండూ సమానంగా నిలబెట్టొద్దు.

గేదె కొమ్ము, ఎద్దు కొమ్ము తప్ప దుప్పి కొమ్ము ముక్క ఒక్కటి కూడా కలపకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద ఇరుక్కుంటారు, పార్సిల్‌లో దొరికితే ఇంకా గొడవ. చెవులు సన్నగా ఉంటాయి, దారిలో విరుగుతాయి, వీపు మీదకి ఆనించి పడుకోబెట్టినట్టు చెయ్యమను నాన్నని. పాలిష్ పెట్టే ముందే పక్కనుంచి, వెనకనుంచి ఫోటోలు తీసి ఆవిడకి పంపి సరేనంటేనే ముందుకెళ్లండి, అడ్వాన్సు సగం తీసుకున్నాకే.